నల్ల బానెట్ మీద పొగ

ఈ ఉదయం ఒక కారు బానెట్ మీద మెషీన్ ఆనించగానే ప్యాడ్ కింద పాలిష్ వేడెక్కి, కొంచెం కిరసనాయిలు, కొంచెం కొత్త సబ్బు కలిసినట్టుండే ఆ వాసన లేచింది. అదే వేళకి వెనక వాలులో విచ్చుకున్న కాఫీ పూల వాసన మంచుతో పాటు మెల్లగా షెడ్డులోకి నడిచి వచ్చింది. ఈ రెండు వాసనలు కలిసే చోట నాకు ఎప్పుడూ ఒక మనిషి కనిపిస్తాడు. మెషీన్ ఆపి, కళ్ళు మూసుకుని, దేవుడికి ఆయన పేరు ఒకసారి చెప్పుకుని మళ్ళీ పనిలో పడ్డాను.

ఆయన సోమన్న బాబాయి. మాకు చుట్టం కాడు. వయసులో ఉండగా విశాఖపట్నంలో ఓ పెయింట్ షాపులో పనిచేసి, మోకాళ్ళు అరిగాక కొండకి తిరిగి వచ్చాడు. అరకు రోడ్డు పక్కన, మా ఇంటికి కూతవేటు దూరంలో రేకుల షెడ్డు వేసుకుని, టూరిస్టులను తిప్పే జీపులకూ కార్లకూ పాలిష్ పట్టేవాడు. నేను బడికి వెళ్ళలేదు. చిన్నతనంలో కాలికి జబ్బు చేసి అంత దూరం నడవలేకపోయాను. చర్చి కాపరి అయిన మా నాన్న, పాటల పుస్తకంతో తెలుగూ మందుల అట్టపెట్టెలతో ఇంగ్లీషూ ఇంట్లోనే నేర్పాడు. కాలు బాగయ్యాక ఏం చేయాలో తోచక కూర్చున్న రోజుల్లో బాబాయి మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

“కాపరిగారూ, మీ గుంటని నా కాడికి పంపండి. సీసాల మీద ఇంగిలీసు అచ్చరాలు సీమల్లాగున్నాయి, నాకు ఆనట్లేదు.”

“చదివి పెట్టాక ఏం చేస్తుంది?” అన్నాడు నాన్న.

“మెసీన్ పడతాది.”

“ఆడపిల్లా?”

“పట్టుకున్నోలు ఆడో మగో మెసీన్‌కి తెలుస్తాదేటి?”

అలా నా బతుకు మొదలైంది. బాబాయి పొద్దున్నే తన ఊరి మధ్యనున్న నిసాని రాయికి, అంటే వాళ్ళ గ్రామదేవతకి, ఒక పువ్వు పెట్టి వచ్చేవాడు. నేను పని మొదలుపెట్టే ముందు మనసులో ప్రార్థన చేసుకునేదాన్ని. ఆయన స్విచ్చి మీద వేలు పెట్టుకుని ఓపిగ్గా నిలబడి, “అయిందేటే మీ పెబువుతో మాట? ఇంక నొక్కనా?” అనేవాడు. ఇంకొకరి దేవుడి కోసం అలా ఆగే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మొదటి చలికాలం నాకు గ్లేజ్ లొంగలేదు. గ్లేజ్ అంటే పాలిష్ అయ్యాక చివర్లో పూసే నూనెలాంటి మెరుపు పూత. ఒకరోజు పూసి తుడుస్తుంటే మరకలు మరకలుగా అలుక్కుపోయింది. ఎంత రుద్దితే అంత పాకింది. “ఏటి సేత్తన్నావు? దానికి జొరమొచ్చిందేటి, అలా రుద్దీస్తన్నావు?” అంటూ వచ్చి, అరచేతి వెనక భాగం బానెట్ మీద ఆనించాడు. “ఇనుముకింకా మంచు తడి వొదల్లేదు. తడి మీద పూత్తే ఎలాగ అతుకుద్ది?” కొండ మీంచి ఎండ దిగేదాకా ఆగి, రేకుని పొడిగా తుడిచి, బఠాణీ గింజంత గ్లేజ్‌ని ఊదితే పడే ఆవిరంత పలచగా పరిచాడు. తరవాత దాని మీద వేలితో ఒక గీత గీశాడు. “గీసిన సోట అద్దంలాగ తేలాల. ముద్దలాగ సాగిందనుకో, ఇంకా టైముంది. కూకో.” కూర్చున్నాం. నేను నేర్చుకున్నదాంట్లో చాలా భాగం ఆ కూర్చోవడమే. లోయలో మంచు పాలపొంగులా లేచి విడిపోతుంటే, ఒక్కో కొండా ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు బయటికి వచ్చేది. ఆ నిశ్శబ్దంలో నాకు ఆదివారం ఆరాధనలో ఉన్నట్టే ఉండేది.

ఇంకోసారి ఒక ఎర్ర కారు నిండా సాలెగూడులాంటి సుడి గీతలు పడ్డాయి. కంగారుగా ప్యాడ్ మార్చాను, స్పీడు తగ్గించాను, వేరే పాలిష్ మందు సీసా తీశాను. బాబాయి నా చేతిలో సీసా లాక్కున్నాడు. “తప్పు కనపడితే ముందల ఒక్కటే మార్చాల. అన్నీ ఒక్కపాలి మార్చీసేవనుకో, బాగైనా ఎందుకు బాగైందో నీకు తెలీదు. ముందు గుడ్డ. అది కాకపోతే ప్యాడ్. అదీ కాకపోతే స్పీడు. మందుని ఆకర్న తిట్టు.” ఆ రోజు తప్పు గుడ్డదే. కింద పడితే దులిపి వాడేశాను. కంటికి కనపడని ఎర్రమట్టి రేణువు ఒకటి దాని నూలులో దాక్కుంది.

మా దగ్గరికి తరచుగా వచ్చే జీపు డ్రైవరు అప్పలరాజుకి ఎప్పుడూ తొందరే. “గ్లేజ్ కొట్టీ బాబాయ్, గీతలు కనపడవు. బేగి ఇచ్చీ, పార్టీ ఎదురు సూత్తంది” అనేవాడు. “గ్లేజు గీతని కప్పుద్ది, తియ్యదు. మొదటి వానకే నీ గీతలు నీకు తిరిగొచ్చీస్తాయి. అప్పుడు నన్ను తిడతావు. గీత తీసి పూత్తాను, పోయి టీ తాగు” అని బాబాయి కసిరేవాడు. అప్పలరాజు గొణుక్కుంటూ వెళ్ళి రెండు టీలు తాగి వచ్చేవాడు.

మూడో ఏడు వానాకాలం మొదట్లో ఒక పొద్దున, బాబాయి ముందురోజు ముగించిన కారు మీద ఎండ పడితే తలుపు నిండా సుడి గీతలు కనిపించాయి. ఆయన పని అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆ వారమే ఇంకో బండి మీదా చూశాను. సీసాల మీద అక్షరాలు ఆనకపోవడం గుర్తొచ్చింది. నాకు తెలిసిపోయింది. అయినా నోరు విప్పలేదు. నాకు పని పెట్టిన మనిషికి, పని బాగాలేదని నేనెలా చెప్పను? ఆయన రాకముందే వెళ్ళి ఆ బండ్లన్నీ మళ్ళీ చేసేదాన్ని. యజమానులు వచ్చి “నీ చెయ్యే చెయ్యి సోమన్నా” అంటే ఆయన మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు చూసి దేవుడికి స్తోత్రం చెప్పుకునేదాన్ని. నేను చేస్తున్నది కృతజ్ఞత అనుకున్నాను.

చలికాలంలో పార్వతీపురం నుంచి ఒక టీచరమ్మ తన నల్ల కారు తెచ్చి ఇచ్చింది. బాబాయి పాలిష్ పట్టి, గ్లేజ్ పూసి, తుడిచాడు. “పొగ పట్టీసిందే” అన్నాడు, మెరుపు మీద మసక కమ్మిందని. నేను చూస్తే బానెట్‌లో ఎదుటి కొండ చెట్టు చెట్టుగా కనిపిస్తోంది. ఆయన గుడ్డ మార్చాడు. “పొగే.” ప్యాడ్ మార్చి మళ్ళీ తిప్పాడు. “పొగే.” స్పీడు మార్చాడు, మందు మార్చాడు. తిప్పినప్పుడల్లా రంగు మీదున్న అద్దంలాంటి పొర కొంచెం కొంచెం అరుగుతోంది. బానెట్ అంచున ఆ పొర మరీ పలచన. ఇంకొక్కసారి తిరిగితే లోపలి రంగు బయటపడుతుంది, దానికి ఏ పాలిషూ పనిచేయదు. ఆయన మళ్ళీ మెషీన్ ఎత్తాడు. నేను ప్లగ్గు లాగేశాను.

“ఏటే?” అన్నాడు, కోపం కన్నా ఆశ్చర్యంగా.

“అన్నీ మార్చేశారు బాబాయ్. ఒక్కటే మిగిలింది.”

“ఏటది?”

“చూసే మనిషి.”

ఆయన మెషీన్ కింద పెట్టాడు. తరవాత టీ బడ్డీ దగ్గరున్న అప్పలరాజుని కేకేశాడు. “ఒరే, ఇలా రా. ఇందులో ఏటి కనపడతందో సెప్పు.”

అప్పలరాజు వంగి చూశాడు. “నా మొకం. మీసం ఒకపక్క పొడుగైపోనాది బాబాయ్, సూసుకోనే నేదు.”

బాబాయి నవ్వలేదు. జ్వరం తగ్గిన పిల్ల నుదురు తడిమినట్టు బానెట్‌ని అరచేత్తో ఒకసారి తడిమి, నూతి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. అంతసేపు చేతులు కడుక్కోవడం నేనెన్నడూ చూడలేదు.

నాన్నా నేనూ ఆయన్ని విశాఖపట్నం తీసుకెళ్ళాం. కుడి కంట్లో శుక్లం, తీసేస్తే చూపు వస్తుందన్నారు. ఎడమ కంటికి వేరే జబ్బు. లోపలి నరం పాడైంది. “ఆరు నెలల ముందు తీసుకొచ్చి ఉంటే కొంతైనా నిలిచేది” అంది డాక్టరమ్మ. ఆమె మామూలుగానే అంది. నేను వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాను. ఆరు నెలల ముందంటే వానాకాలం. నాకు తెలిసిన కాలం.

ఆపరేషన్ అయ్యాక రైల్లో వెనక్కి వస్తున్నాం. నాన్న నిద్రపోయాడు. సొరంగాలు మొదలయ్యాయి. చీకటి, వెలుగు, మళ్ళీ చీకటి. వెలుగు వచ్చినప్పుడల్లా బాబాయి ఒక కన్ను మూసి, ఇంకో కన్నుతో కొండలను చూసుకుంటున్నాడు. కుడి కంటితో చూసినప్పుడు చిన్నగా నవ్వుతున్నాడు. ఎడమ కంటితో చూసినప్పుడు ఊరుకుంటున్నాడు. నేనిక ఆపుకోలేకపోయాను.

“నాకు వానల్లోనే తెలుసు బాబాయ్. మీరు చేసిన బండ్లు పొద్దున్నే వచ్చి మళ్ళీ చేశాను. మీకు చెప్పలేదు.”

ఒక సొరంగం వచ్చి పోయింది.

“అప్పలరాజు జీపు కూడానా?”

“అవును.”

“నన్ను అంతలేసి పొగిడాడు, యెదవ.” మళ్ళీ సొరంగం. ఆ చీకట్లోంచే ఆయన గొంతు మెత్తగా వచ్చింది. “నా మొకం సిన్నబుచ్చకూడదని సేసేవు. నాకు తెలుసు. కానీ గుంటా, మొకం కన్నా కన్ను పెద్దది కాదేటే?”

ఏడ్చాను. ఆయన భుజం మీది గుడ్డ తీసి ఇచ్చాడు. ఆ తరవాత ఎన్నడూ, కోపంలో కూడా, ఆ మాట ఎత్తలేదు. క్షమ గురించి నాన్న చాలా ప్రసంగాలు చేశాడు. నేను చూసింది మాత్రం ఆ రైల్లోనే.

తరవాత నాలుగేళ్ళు ఒక కంటితో పనిచేశాడు. బండి ముగించగానే యజమాని ఎదుటే నన్ను పిలిచి, “ఎక్కడ తప్పిపోనానో సెప్పీ, బేగి” అనేవాడు. మొదట్లో నా నాలుక మడతపడేది. “కింద తలుపు అంచున... కొంచెం...” అని నసిగితే, “కొంచెం ఏటే, ఉందా నేదా?” అని గద్దించేవాడు. రానురాను చెప్పడం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు, గొంతు పెంచకుండా, మనిషిని తగ్గించకుండా చెప్పడం. రెండు వానాకాలాల కింద ఆయన వెళ్ళిపోయాడు. నిద్రలోనే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా.

ఇప్పుడు షెడ్డు నాది. మొన్న ముంచింగిపుట్టు నుంచి ఒకామె తన కారు తీసుకెళ్ళడానికి వచ్చింది. ఆమెను ఎండలో నిలబెట్టి, “ఎక్కడ తప్పు కనిపిస్తోందో చెప్పండమ్మా, మొహమాటపడకండి” అన్నాను. ఆమె కారు చుట్టూ తిరిగింది. నా మొహం చూసి ఆగింది. ఏమీ లేదు, బాగుంది అంది. నేను అక్కడే నిలబడ్డాను. “అంటే... ఈ అద్దం కింద చిన్న మసక” అంది చివరికి, తనే తప్పు చేసినట్టు. ఇన్నేళ్ళ తరవాత కూడా తప్పు చెబితే గుచ్చుకుంటుంది. ఆమెకు దండం పెట్టి, లోపలికి వెళ్ళి మెషీన్ తెచ్చుకున్నాను.