కమ్మరి పెద్దమ్మ విప్పిన చాంబరు నట్టు

యుద్ధం రోజుల్లో మా లారీ బొగ్గుతో నడిచేది. పెట్రోలు దొరక్క, యజమాని క్యాబిన్ పక్కన నిలువెత్తు ఇనుప పీపా పెట్టించాడు. అందులో బొగ్గులు రాజేస్తే వచ్చే పొగతో ఇంజను తిరిగేది. జడ్చర్ల నుంచి కల్వకుర్తికి సరుకు తీసుకుపోవడం నా పని. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. లారీ నడిపేవాళ్లు తాలూకాకు నలుగురు కూడా లేని కాలం. ఇంజను గురించి నాకు తెలియనిది లేదన్న గర్వం ఉండేది.

బొగ్గు పొగకు ఇంజనులో ఆయిల్ తొందరగా చెడిపోతుంది. ఇంజను కింద ఆయిల్ నిలిచే తొట్టిని చాంబరు అంటాం. దాని అడుగున బిరడాలా బిగించిన నట్టు విప్పి పాత ఆయిల్ వదిలేసి, కొత్తది పోయాలి. ఆ నట్టును పాడుచేసింది నేనే. సరైన పానా వెతికే ఓపిక లేక, చేతికందిన పెద్ద పానాతో పట్టి గుంజాను. అది జారింది. కోపమొచ్చి ఉలి పెట్టి కొట్టాను. ఆరు మూలలూ అరిగిపోయి నట్టు గోలీలా గుండ్రంగా అయింది కానీ వెంట్రుకవాసి కదల్లేదు. యజమానికి చెప్పడానికి నోరు రాలేదు. కొత్త ఆయిల్ డబ్బా సీటు కింద పెట్టుకుని అట్లాగే తిరిగాను.

ఆ వానాకాలం ఉప్పు బస్తాలతో పోతుంటే దుందుభి వాగు నడుమ లారీ ఇసుకలో కూరుకుపోయింది. పైనుంచి నీళ్లు పెరిగాయి. చూస్తుండగానే ఇంజను సగం మునిగి ఆగిపోయింది. మా హమాలీ, నాకంటే పెద్దవాడు, ఒడ్డున ఉన్న ఊళ్లోకి పరుగెత్తి నాలుగు జతల ఎడ్లను తోలుకొచ్చాడు. ఎడ్లు లారీని ఒడ్డుకు లాగేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూశాను. ఆయిల్ తెల్లగా, చిక్కటి మజ్జిగలా ఉంది. నీళ్లు లోపలికి పోయాయి. ఆ ఆయిల్ వదలకుండా ఇంజను తిప్పితే లోపల అంతా నాశనమే. వదలాలంటే ఆ నట్టు విప్పాలి. పడమట మళ్లీ మబ్బు కడుతోంది. పైన టార్పాలిన్ చిరుగులతో ఉంది. కింద ఉన్నది ఉప్పు.

"మా ఊర్ల ఉప్పు లేక మూడు వారాలాయె. గిది కరిగిపోతె ఎట్ల?" అన్నాడు ఎడ్లు తోలుకొచ్చినవాళ్లలో ఒకాయన. "కమ్మరి ఇంటికి పోదాం పాండ్రి."

కొలిమి వాగు గట్టుమీదే ఉంది. కమ్మరి ముసలాయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఎడమచేత్తో తిత్తి ఊదుతున్నాడు. సమ్మెట పట్టింది ఆయన భార్య. యాభై ఏళ్లుంటాయి. చీర గోచిపోసి కట్టింది. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. ఊరి నాగళ్లన్నీ రెండేళ్లుగా ఆమె చేతిమీదే నడుస్తున్నాయట. నేను చెప్పింది విని, చేతిలో పని ముగించి, నా వెంట వచ్చింది.

లారీ కిందికి వెల్లకిలా దూరింది. బొటనవేలితో నట్టు చుట్టూ తడిమింది.

"కొడుకా, గిది గుంజుతె వస్తదా, తిప్పితె వస్తదా?"

"తిప్పితె వస్తది పెద్దమ్మా."

"ఎటు దిక్కు?"

చేయి ఒకవైపు తిప్పి చూపించబోయి ఆగాను. కింద పడుకుని చూస్తే ఎటో, పైనుంచి చేయి పెట్టి తడిమితే ఎటో! ఆ రోజు నేను కొట్టిన దెబ్బల్లో సగం బిగించేవైపే కొట్టానేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది. ఇంకోచోట ఉన్న బోల్టు విప్పి ఆమెకు దిక్కు చూపించాను.

తాటాకు చీలిక తెప్పించి నట్టు తల చుట్టూ చుట్టి, కలిసినచోట గోటితో గిచ్చింది. "నీ తాన ఉన్న పానా ఇటియ్యి" అంటే ఇచ్చాను. దాని నోటి వెడల్పు కూడా కొలిచింది. కొలిమి దగ్గరికి పోయి, విరిగిన గడ్డపార ముక్కను కాల్చి, నడుమ రంధ్రం చేసి కట్టులా మలిచింది. బయట ఆరు మూలలు తేల్చింది. ఆ మూలలకు నా పానా చక్కగా సరిపోయింది. రంధ్రాన్ని మాత్రం ఆకురాయితో కొంచెం కొంచెం రాస్తూ, మాటిమాటికీ తాటాకు చుట్టి లోపల పెట్టి చూస్తోంది. చాలాసేపటికి ఆపింది.

"ఇంకా చిన్నగనే ఉంది కదా పెద్దమ్మా, ఎట్ల దూరుతది?" అన్నాను.

ముసలాయన నవ్వాడు. "బండి గీరెకు పట్టా ఎట్ల ఎక్కిస్తరు కొడుకా? కాలితె పెద్దగైతది. నీళ్లు వోస్తె కరుసుకుంటది."

బండి చక్రాలకు ఇనుప పట్టా ఎక్కించడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణే. అది నా లారీకి పనికొస్తుందని ఎన్నడూ తోచలేదు.

మొదటిసారి పని చెడింది. ఎర్రగా కాలిన కట్టును పట్టుకారుతో పట్టుకుని ఆమె పరుగెత్తింది కానీ, లారీ కిందికి దూరేలోపే అది నల్లబడి, సగందాకా ఎక్కి ఆగిపోయింది. సుత్తితో తట్టి ఊడదీసింది.

"దూరమైంది" అంది లేచి దుమ్ము దులుపుకుంటూ. "కొలిమి నడువది. నీ బండి నడుస్తది. గుంజుకరాండ్రి."

మళ్లీ ఎడ్లు కట్టి లారీని గట్టుమీదికి, కొలిమికి పది అడుగుల్లోకి లాగారు. నేను బండి స్టార్టు చేయడానికి దాచుకున్న పెట్రోలు డబ్బా దూరంగా పెట్టాను. హమాలీ తడి గోనెలు చాంబరు చుట్టూ కప్పాడు.

"ఆయిల్ అంటుకుంటే?" అన్నాను.

"నువ్వు జర దూరం నిలవడు" అంది.

రెండోసారి కట్టు ఎర్రగా ఉండగానే ఎక్కింది. రెండే దెబ్బలు. హమాలీ తడిగుడ్డ అందించాడు. చుయ్‌మని ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో ఆమె ముఖం కనబడలేదు. అది తేలిపోయాక చూస్తే, కళ్లు మూసుకుని కట్టుమీద చెవి పెట్టినంత దగ్గరగా పడుకుని ఉంది. చాలాసేపు అట్లాగే ఉంది. చేయి ఆనించగలిగేంత చల్లబడ్డాక, "ఇగ పానా పెట్టు" అంది.

నేను పక్కన దూరి పానా పెట్టాను. ఆమె చేయి నా చేతిమీద వేసి దిక్కు సరిచూసింది. ఇద్దరం కలిసి నొక్కాం. టప్‌మని చప్పుడైంది. కట్టు పగిలిందనుకున్నాను. పగల్లేదు. నట్టు కదిలింది. ఆరు వారాలు నా నిద్ర పాడుచేసిన నట్టు, ఆ తర్వాత వేళ్లతో తిప్పితే తిరిగింది. ముందు వాగు నీళ్లు పడ్డాయి, తర్వాత తెల్లటి ఆయిల్ జారింది. చుట్టూ చేరిన జనం కేకలు వేశారు.

ఆమె వాళ్లను పట్టించుకోలేదు. నట్టును చీరకొంగుతో తుడిచి వెలుతురులోకి పట్టుకుని చూస్తోంది. పైన తన కట్టును కాదు, కింద మర చుట్లను. గోరు పెట్టి ఆ గాడి వెంట చుట్టూ తిప్పింది.

"ఏమయ్యా, గిటు సూడు" అని భర్తకు చూపింది. "గీ గీత యాడ షురువైందో, ఆడికెల్లి తెగకుంట కింది దాంక పోయింది. చుట్లు గన్ని ఉన్నయి గని ఒక్కటే గీత."

ముసలాయన ఎడమచేత్తో తీసుకుని కంటి దగ్గర పెట్టుకున్నాడు.

"గిది చేసినోడు కమ్మరోడేనా కొడుకా?" అని అడిగింది.

"తెల్వది పెద్దమ్మా. తెల్లోళ్ల సీమల చేసిన్రు" అన్నాను.

"ఎవడో గని, మా ఇంట్ల పుట్టాల్సినోడు."

వేల నట్లు తిప్పినవాణ్ణి నేను. ఆ గీత ఒక్కటే అని ఎన్నడూ చూడలేదు.

నట్టు మళ్లీ బిగించి, సీటు కింది ఆయిల్ పోసి, ప్లగ్గులు ఆరబెట్టి, హ్యాండిల్ కొట్టాను. చాలాసార్లు దగ్గి ఇంజను పట్టుకుంది. ఊరివాళ్లకు ఒక బస్తా ఉప్పు దించి, వాన మొదలయ్యేలోపు కల్వకుర్తి చేరాం. జడ్చర్ల తిరిగొచ్చాక యజమానికి ఉలి దెబ్బల నుంచి అంతా చెప్పేశాను. ఉప్పు ఎందుకు దించానో కూడా చెప్పాను. ఆయన చెడామడా తిట్టి, లారీ కిందికి దూరి, కట్టు చూసి, బయటికి వచ్చి, "ఎవరు చేసిన్రన్నవ్?" అని మళ్లీ అడిగాడు.

చలికాలంలో ఆ దారిన పోతూ కొలిమి దగ్గర ఆగాను. నన్ను చూసి ఆమె లోపలికి పోయి ఒక ఇనుపకడ్డీ తెచ్చింది. జానెడు పొడవు. దానిమీద పై నుంచి కింది దాకా తెగని గాడి ఒకటి చుట్టుకుని ఉంది. దారం చుట్టి, దారం వెంట గుర్తు పెట్టి, ఆకురాయితో కోసిందట. కొన్నిచోట్ల లోతు ఎక్కువైంది, ఒకచోట వంకర పోయింది.

"మూడు కరాబు జేసిన. గిది నాలుగోది" అంది. "గీడ వంకరొచ్చింది, గా జాగ సూడకు."

నేను గోరు పెట్టి గాడి వెంట తిప్పుతూ పోయాను. ఎక్కడా తెగలేదు. బయట ఇద్దరు రైతులు నాగటి కర్రులు పట్టుకుని నిల్చున్నారు. ఆమె కడ్డీ నా చేతిలోనే వదిలి, సమ్మెట తీసుకుని దాగలి దగ్గరికి పోయింది.