నోరు తెరవండి ప్రసాదరావు గారూ

కరోనా గొడవ సద్దుమణిగాక, జూబ్లీహిల్స్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జీర్ణకోశ విభాగానికి సీనియర్ కన్సల్టెంటుగా చేరాను. పదవీ విరమణకు ముందు నా చివరి కొలువు అదే. ఫిల్మ్‌నగర్ దగ్గరే కాబట్టి సినిమావాళ్లు ఎక్కువగా వచ్చేవారు. వాళ్లలో నన్ను బాగా విసిగించిందీ, నాకు బాగా నచ్చిందీ ఒక్కరే, ప్రసాదరావు గారు.

తండ్రి, మేనమామ వేషాలు వేసే నటుడు. సొంతూరు భీమవరం వైపు. పక్షవాతం వచ్చి మింగడం పోయింది. ముద్ద ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది కనుక, పొట్టకు చిన్న రంధ్రం చేసి, నేరుగా కడుపులోకి పెగ్ ట్యూబు పెట్టాం. జావ, పాలు, మందులు అన్నీ అందులోంచే. మాట మాత్రం తొందరగానే తిరిగొచ్చింది. వచ్చాక ఇక ఆగితేనా!

కొన్ని నెలలకు ఒక వేషం వచ్చింది. పెళ్లి సీనులో పంచె కట్టి, ఒంటిమీద ఒక్క కండువాతో పీటల మీద కూర్చోవాలి.

"ఈ గొట్టంతో ఎలా కూర్చోనండీ? ఈ వేషం చేజారితే ఇంకెవరూ పిలవరు. పీకేయండి డాక్టరమ్మా," అన్నారు. గొంతులో నిజంగానే భయం ఉంది.

తీయడం పెద్ద పని కాదు. లోపల బిళ్లలాంటి మెత్తని అడ్డు ఉంటుంది. ఒక చేత్తో పొట్ట అదిమిపట్టి, రెండో చేత్తో గట్టిగా లాగితే వచ్చేస్తుంది. ట్యూబు చుట్టూ దారి గట్టిపడకముందే లాగితే కడుపు సంచిలోది పేగుల చుట్టూ ఒలికి ఆపరేషన్ దాకా పోతుంది, కానీ ఆయనకు ఆ దశ దాటింది. నా బెంగ వేరే. తీసిన గంటల్లోనే ఆ రంధ్రం మూసుకుపోవడం మొదలవుతుంది. మళ్లీ కావాలంటే అంతా మొదటినుంచే. కాబట్టి నోటితో సరిపడా తినగలరని ముందే తేలాలి. మింగుడు పరీక్ష చేసే థెరపిస్టు ఇంకా ఆగమంది. "ఆవిడ ముందు బెదిరిపోయానండీ, మీరే చూడండి," అన్నారాయన. సరే, ఒక చిన్న ముక్క నా ముందే తిని చూపించమన్నాను. ఆయన భార్య సుశీల గారు ఇడ్లీ డబ్బా తెరిచారు.

ఎంత ముచ్చటగా తిన్నారో! చట్నీలో అద్దుకుని, కళ్లు మూసుకుని, గుటక వేసి, ఆహా అన్నట్టు తలూపారు. నర్సు చప్పట్లు కొట్టింది. ట్యూబు తీయడానికి అన్నీ సిద్ధం చేయమన్నాను కూడా. అప్పుడు తట్టింది, ఈ మనిషి ఇంతసేపు మాట్లాడకుండా ఎప్పుడున్నాడని.

"ఎట్లుంది సార్ చట్నీ?"

తల ఊపారు.

"కారం ఎక్కువైందా?"

మళ్లీ తలే.

"నోరు తెరవండి ప్రసాదరావు గారూ."

ఎడమ బుగ్గలో ఇడ్లీ భద్రంగా ఉంది. సుశీల గారు నెత్తి కొట్టుకున్నారు. "సెట్లో నేర్చిన విద్యండీ ఇది. భోజనం సీను అన్నన్ని టేకులు తీస్తే ఎవరు తినగలరు? బుగ్గన పెట్టి గుటక నటిస్తారు. కట్ చెప్పగానే బకెట్లో ఉమ్మేస్తారు."

నాకు ఒళ్లు మండింది. "ఏంది సార్ ఇది? నా దగ్గర గూడ యాక్టింగేనా? పైపు తీసి ఇంటికి పంపిస్తే ఏం తిని బతుకుతరు?" అని కేకలేశాను. ఆయన ఇడ్లీ ఉమ్మేసి తల దించుకున్నారు. ఆ నటనకు లోలోపల ముచ్చటపడ్డానని మాత్రం చెప్పలేదు.

ట్యూబు తీయలేదు. ఆయన సరేనంటే దర్శకుడితో నేనే ఫోనులో మాట్లాడాను. కండువా బదులు లాల్చీ వేద్దాం, దానికేముంది మేడమ్ అన్నాడతను. ఈ ముక్క ముందే అడిగి ఉంటే ఈయనకు ఇంత నాటకం తప్పేది కదా!

ఆ తర్వాత వ్యాయామాలు బుద్ధిగా చేశారు. ట్యూబు వాడకుండానే బరువు నిలిచి, థెరపిస్టు కూడా సరేనన్నాక లాగేశాను. కాస్త రక్తం, "అమ్మో" అని ఒక కేక, అంతే. పొడి కట్టు వేసి, కొన్ని గంటలు నోటికేమీ వద్దన్నాను. తొందరపడి తింటే ఆ రంధ్రంలోంచే కారుతుంది. మర్నాడు కట్టు కొంచెం తడిసింది, తర్వాత ఆరిపోయింది. ఆగకుండా కారితే లోపలినుంచి మూయాల్సి వచ్చేది, ఆ అవసరం రాలేదు.

చివరిసారి చూపించుకోవడానికి వచ్చిన రోజు సుశీల గారు మళ్లీ ఇడ్లీ డబ్బా తెచ్చారు. ఆయన ఒకటి తిని, నేను అడగకముందే నోరు బార్లా తెరిచారు. ఖాళీగా ఉంది. "కట్ చెప్పకండి డాక్టరమ్మా, ఇంకోటి తింటాను," అన్నారు.

పెగ్ ట్యూబు లాగడానికి చేతిబలం చాలు. తీయాలా వద్దా అన్నది మాత్రం రోగి తినడం చూసి కాదు, మింగాడని తేలాకే నిర్ణయించాలి. నేను పదవీ విరమణ చేసేదాకా మా విభాగంలో మింగుడు పరీక్ష నోరు తెరిపించి చూడటంతోనే ముగిసేది.