నాయనమ్మ సాయవాన్

కొత్త జింకు రేకు మీద ఎండ పడితే గ్రీజూ వేడి ఇనుమూ కలిసిన ఒక వాసన వస్తుంది. మొన్న ఇనుప సామాన్ల దుకాణం ముందు ఆ వాసన తగలగానే నేను ఎనిమిదేళ్ల పిల్లనై జహీరాబాద్‌లో మా వాకిట్లో నిలబడ్డాను.

ఆ వాకిలి నాయనమ్మది. పొద్దున చల్లిన సానుపు తడి ఆరకముందే గోనెపట్టా పరుచుకుని కూర్చునేది. ఎండాకాలం తొక్కుకు మామిడికాయలు కోస్తూ, వానాకాలం మక్క కంకులు కాల్చి మా చేతుల్లో పెడుతూ, బతుకమ్మ ముందు తంగేడుపూలు ఒళ్లో పోసుకుని, దారిన పోయే ప్రతివాళ్లనీ "ఏం కూర వండినవే?" అని అడిగేది. జవాబు చెప్పకుండా ఆ గల్లీ దాటినవాళ్లు లేరు. మేము ఆమె పక్కనే గచ్చకాయలాడేవాళ్లం.

ఒక ఏడు ఉగాది తర్వాత నాయనమ్మ బాయి దగ్గర జారిపడింది. తుంటి విరిగిందనీ ఇక నడవదనీ దవాఖానలో చెప్పారు. చీకటి అర్రలో మంచం వేస్తే గోడవైపు తిరిగి పడుకుంది, రొట్టె సగం కూడా తినేది కాదు. "నన్ను వాకిట్ల వెయ్‌రా కొడుకా" అన్నది ఒక్కటే మాట. వాకిట్లో చూస్తే నిలువ నీడ లేదు.

నాయిన హైదరాబాద్ నుంచి సాయవాన్ సామాను తెప్పించాడు. ఇంటి ముందు వేసుకునే రేకుల పందిరిని మేము సాయవాన్ అనేవాళ్లం. పైపులు, రేకులు, సంచినిండా బోల్టులు, ఏది ఎక్కడ బిగించాలో చూపే బొమ్మల కాగితం లారీలోంచి దిగాయి. దాన్ని నిలబెట్టే పనికి షబ్బీర్ మేస్త్రీని మాట్లాడాడు. మేస్త్రీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రెండు దినాల పని సార్, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు. నాలుగు గుంతలు తవ్వి, నాలుగు పైపులు నిలబెట్టి, సిమెంటు పోసి, అది గట్టిపడ్డాక వస్తానని పోయాడు. మళ్లీ రాలేదు.

నాయిన రోజూ సాయంత్రం కచేరీలో కొలువు ముగించుకుని వస్తూ మేస్త్రీ ఇంటికి వెళ్లేవాడు. సైకిల్ చప్పుడు వినగానే నాయనమ్మ తల ఎత్తేది.

"ఏమన్నడు రా?"

"రేపొస్తడట అమ్మా."

ఆ మాటతో ఆమె నాలుగు ముద్దలు తినేది. పొద్దున్నే తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టించుకుని, ఎదురుచూసేది. ఇంకో ఇద్దరు మేస్త్రీలను పిలిస్తే, ఒకరు మొదలుపెట్టిన పనిలో మేం చెయ్యి పెట్టం అన్నారు. నాయినా, ఎదురింటి మామా ఒక ఆదివారమంతా కాగితం ముందేసుకుని కుస్తీ పడితే ఒక్క రేకు కూడా నిలవలేదు. అమ్మ విసిగిపోయి, "గట్టిగ అడగనీకి నోరు లేదా నీకు? ముసల్ది పానం మీద ఉంది" అని అరిచింది. నాయిన బోల్టుల సంచి మూతి కట్టి, తల వంచుకుని లోపలికి వెళ్లాడు.

మృగశిర వానలు పడ్డాయి. వాకిట్లో ఖాళీ పైపుల మీదుగా నీళ్లు కారుతుండగా, ఒక పొద్దున నాయనమ్మ వెళ్లిపోయింది. తల దువ్వించుకునే ఉంది.

పదమూడో రోజు దాటాక షబ్బీర్ మేస్త్రీ వచ్చాడు. కుడిచెయ్యి మోచేతి దాకా పట్టీలో ఉంది. మా పని మొదలుపెట్టిన మూడో రోజే న్యాల్‌కల్‌లో గోదాం కప్పు మీంచి పడ్డాడట. నాయిన రోజూ వెళ్లి చూసొచ్చింది ఆ చేతినే. మేస్త్రీ ఆ పైపుల మధ్య నిలబడి, "చెయ్యి ఇరిగిందని మీ అమ్మకు చెప్పలేదా సార్?" అని అడిగాడు.

"చెప్తె దేనికి ఎదురుచూస్తది?" అన్నాడు నాయిన.

దర్వాజ పట్టుకుని నిలబడ్డ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రేకులను చిరాగ్‌పల్లిలో మా మేనమామ తన పశువుల కొట్టానికి వేసుకున్నాడు. పైపులను మాత్రం నాయిన ఎవరినీ పీకనివ్వలేదు.

ఇప్పుడు ఆ గల్లీకి వెళితే వాకిళ్లు లేవు. గడపలున్న చోట షట్టర్లు, షట్టర్ల ముందు మోటారు సైకిళ్లు. మొన్న ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాను, ఇవాళ ఏం కూర అని ఒక్కరూ అడగలేదు.