ఏనుగుల యాత్రకు మా తమ్ముడు పెట్టిన షరతు

నేడు ఆరుద్ర కార్తె ప్రవేశించిన పుణ్యదినం. మెట్టనేలలు మేఘుని రాకకై ఎదురుచూచే ఋతువునకు ఆరంభం. ఈ ఉదయం, రాప్తాడు దగ్గర వేరుశెనగ పండించే మా తమ్ముడు ఓబులేసుతో కూర్చుని థాయిలాండ్ యాత్రకు ఏర్పాట్లు మొదలుపెట్టాను. అడవిలో స్వేచ్ఛగా తిరిగే ఏనుగును ఒక్కసారి కళ్లారా చూడాలన్నది వాని చిరకాల వాంఛ.

ట్రావెల్స్ ఆయన ఫోనులో ముందుగానే హెచ్చరించాడు: “వచ్చే నెల అక్కడ వానలు సార్. టికెట్ తీసుకున్నాక రద్దు కుదరదు.”

“ఆడ ఎంత వానైనా రానీలేప్పా. ఈడ వానొస్తే టికెట్టు వాపసు తీసుకుంటావా?” అన్నాడు ఓబులేసు.

“ఇక్కడి వానకూ ఏనుగులకూ ఏం సంబంధం సార్?”

“వానకు నేల తడిసి పదునైతే రెండు దినాల్లో శెనక్కాయ ఇత్తనం పడల్ల. ఏనుగులు యాడికీ పోవు, పదును ఆరిపోతాది.”

అటువంటి నిబంధన తమ వద్ద లేదని చెప్పి ఆయన సవినయంగా ఫోను పెట్టేశాడు. యాత్ర ఆగిపోయింది. గజవర్ణన పద్యాలు నాకు అరడజను కంఠస్థం. ఊరడింపుగా ఒకటి వినిపించబోతే, తమ్ముడు ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాడు.

మీరైతే వానికి ఏనుగును కోరుదురా, వర్షాన్ని కోరుదురా? తెలుపగలరు. మా తరువాత ఈ నేల దున్నేవారు సకాలంలో విత్తి, నిశ్చింతగా అడవులు చూచి వచ్చెదరు గాక!