అద్దం ముందు మూడు వారాలు

ఏడో తరగతిలో ఉన్నప్పుడు... బడి వదలగానే సంచీ ఇంట్లో పడేసి, నేనూ శైలజా మా అబ్బా... అంటే నాన్న... దర్జీ దుకాణంలో నిలువుటద్దం ముందు తేలేవాళ్ళం. మెదక్ బస్టాండు దగ్గర చిన్న దుకాణం అది. రెండు మిషన్లు, ఒక కత్తిరించే బల్ల, మూలన ఆ అద్దం. గిరాకీలు కొత్త బట్టలు తొడుక్కుని చూసుకోవడానికి పెట్టింది. మేము మాత్రం దాని ముందు నిలబడి కొట్లాడుకునేవాళ్ళం.

కొట్లాట అంతా ఒకే ప్రశ్న మీద. అద్దంలో మన కుడి చేయి ఎడమ చేయి అవుతుంది కదా... మరి తల కిందికి, కాళ్ళు పైకి ఎందుకు కావు?

అడిగింది శైలజే. అది ఒప్పుకోవాలి. వాళ్ళది రేగోడ్. వాళ్ళ నాన్న ఉద్యోగం కోసం మా గల్లీలోకి కిరాయికి వచ్చారు. వచ్చిన రోజు నుంచి ఆ పిల్ల నోట్లోంచి ప్రశ్న తప్ప మాట వస్తే ఒట్టు! బస్సు ఉరుకుతుంటే లోపల ఎగిరే ఈగ వెనక అద్దానికి ఎందుకు గుద్దుకోదు? సున్నా సరిసంఖ్యా, బేసిసంఖ్యా? పరీక్షలో వచ్చేవి కావు, మార్కులు తెచ్చేవి కావు... అయినా జవాబు దొరికేదాకా మాకు తిండి సయించేది కాదు.

ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. ఎవరినీ అడగకూడదు. సార్లను అసలే అడగకూడదు.

మూడు వారాలు... అద్దం ముందు అడ్డంగా పడుకుని చూశాం. తలకిందులుగా నిలబడబోయి నేను కత్తిరించే బల్ల మీద పడ్డాను. అబ్బా కత్తెర చేతిలో పట్టుకునే లేచాడు. "సదువు లేదు, సంద్య లేదు! గిరాకొచ్చే యాళ్లకు గిట్ల దొర్లుతరా?"

ఇంతలో రంజాన్ నెల వచ్చింది. ఆ నెలలో దర్జీ ఇంట్లో పిల్లలకూ తీరిక ఉండదు. గుండీలు కుట్టడం, చొక్కా చేతులు జత కలిపి పెట్టడం నా పని. ఒకరోజు ఒక జత తీసి చూస్తే, మణికట్టు దగ్గర చీలిక రెండింటికీ ఒకే పక్కన ఉంది.

"అబ్బా, రెండూ కుడి చేతివే కుట్టినవ్!" అన్నాను.

"ఒకటి ఉల్టా ఉంది కదనే పిచ్చిదానా! తిప్పు" అని నవ్వాడు.

లోపలికి చెయ్యి పెట్టి బయటికి లాగాను... అంతవరకూ కుడిది అనుకున్నది కాస్తా ఎడమది అయి కూర్చుంది.

నా ఒళ్ళు జల్లుమంది. కుడిని తీసి ఎడమ వైపు ఎవరూ పెట్టలేదు. లోపలిది బయటికి వచ్చింది, అంతే! అద్దం దగ్గరికి ఉరికాను. నా కుడి చేయి బజారు వైపు ఉంటే, అద్దంలోని చేయీ బజారు వైపే ఉంది. తల పైనే, కాళ్ళు కిందే. మారింది ముక్కు ఒక్కటే. నా ముక్కు గోడ వైపు, దాని ముక్కు నా వైపు. అద్దం తిప్పేది ముందూ వెనకలను మాత్రమే... కుడి ఎడమలు మారాయని మనమే అనుకుంటున్నాం.

చెప్పులు కూడా లేకుండా శైలజ ఇంటికి పరిగెత్తాను. అంతా విని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. ఇద్దరం ఆయాసంతో గచ్చు మీద కూలబడి నవ్వాం.

కొన్నాళ్ళకే బడిలో సైన్స్ కార్యక్రమం. ఎవరో పెద్ద సారు వస్తున్నాడన్నారు. ఇద్దరం కలిసి చెబుదామనుకున్నాం. ఆ పొద్దున కుల్చారం ఊరి గిరాకీలకు బట్టలు ఇవ్వాల్సి ఉంది. గుండీలు అయ్యేదాకా అబ్బా నన్ను కదలనివ్వలేదు. శైలజకు అలాంటిదే ఒక చొక్కా చెయ్యి ఇచ్చి "జర ఆగు, నేనొచ్చినంకనే షురూ చెయ్యి" అన్నాను.

"నువ్వు లేకుండ నేనెట్ల చెప్తనే?" అంది.

నేను వెళ్ళేసరికి చెప్పేసింది. బడి బడంతా చప్పట్లు. పెద్ద సారు మురిసిపోయి "గిది నీకు ఎవరు చెప్పిండ్రు బిడ్డా?" అని అడిగాడు.

శైలజ నన్ను చూసింది. తలుపు దగ్గర రొప్పుతూ నిలబడ్డ నన్ను సూటిగా చూసింది. "ఎవరు చెప్పలేదు సార్. నేనే ఆలోచించిన" అంది.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా భగ్గున మండింది.

మర్నాడు బహుమతిగా వచ్చిన జామెట్రీ బాక్సు పట్టుకుని వచ్చింది. "రిజ్జూ, కంపాసు నువ్వు తీస్కో" అంది.

"నాకు బాక్సెందుకు? ఇద్దరం కనుక్కున్నమని పోయి సార్‌కు చెప్పు" అన్నాను.

తల దించుకుంది. "ఇప్పుడు చెప్తే అందరు నవ్వుతరే..."

నమ్మకద్రోహం అనే మాటను వాచకంలో చదివి సొంత వాక్యంలో కూడా రాశాను. అర్థం మాత్రం ఆ రోజే తెలిసింది.

వారం తర్వాత మళ్ళీ దుకాణం మెట్ల దగ్గరికి వచ్చింది. "ఒకటి అడుగుత... నీళ్ళు మసలకముందే గిన్నెల సప్పుడు ఎందుకొస్తదే?"

ఎంత మంచి ప్రశ్న! నోటిదాకా ఏదో వచ్చింది కూడా. "నాకు తెల్వది. నన్నడగకు" అని సూదిలో దారం ఎక్కించుకున్నాను. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. తర్వాతి ఏడాది వాళ్ళు ఊరే మారిపోయారు.

దోస్తు పోయిందని ఏడ్చాను. నిజం చెప్పాలంటే, జవాబు కోసం కొట్లాడటానికి మనిషి లేకుండా పోయిందని ఇంకా ఎక్కువ ఏడ్చాను. ఆ తర్వాత నాకు తోచిన ఏ ప్రశ్ననూ ఎవరితోనూ పంచుకోలేదు. ఎత్తుకుపోతారని భయం.

ఇప్పుడు మా పిల్లలు ప్రశ్న పూర్తిగా అడగకముందే ఫోను జవాబు చెప్పేస్తోంది. మూడు వారాలు ఎవరికీ అక్కర్లేదు. ఒకరిని ఒకరు మోసం చేసే అవసరమూ లేదు... ఒకరికి ఒకరు అవసరమే లేరు కదా!

మీరు కనుక్కున్నది ఇంకెవరైనా తమదని చెప్పుకున్నారా? కింద రాయండి... పేర్లతో సహా రాసినా నేను వద్దనను.

శైలజా, నువ్వు నా ఫ్రెండ్స్ లిస్టులోనే ఉన్నావు. నా పిల్లల ఫొటోలకు, పండక్కి నేను వండిన షీర్ కుర్మాకు, అన్నిటికీ లైక్ కొడతావు. దీనికి మాత్రం కొట్టకు. ఇప్పుడు నవ్వేవాళ్ళు ఎవరూ లేరే... ఇక్కడైనా చెప్పు.