లైటు కనబడి బల్ల కనబడనివాడు

పద్దెనిమిదేళ్ల కిందట రైలు డ్రైవర్లు పడుకునే గదిలో దీపం ఆర్పి, చీకట్లో కనబడదంటున్న తీతు మామ నడిచే దారిలో బల్ల అడ్డం పెట్టారు. అతను దాని మీద పడి రెండు ముందు పళ్లు పోగొట్టుకున్నాడు. బల్ల పెట్టింది మా నాన్న. ఇంటికొచ్చి అన్నం తింటూ నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వును నేనింకా క్షమించలేదు.

తీతు మామ అప్పుడు అసిస్టెంట్ డ్రైవరు. సిగ్నల్ కనబడగానే అతను రంగు గట్టిగా పలకాలి, డ్రైవరు తిరిగి పలకాలి. ఒక్కసారీ తప్పు పలకలేదు. అలాంటివాడు తనంతట తనే పైఅధికారుల దగ్గరికి వెళ్లి, చీకట్లో పట్టాల పక్కన మనుషులు కనబడటం లేదని చెప్పేశాడు. స్టోర్లో కూర్చునే పనిచ్చారు.

"ఏటి దాదా, దూరాన లైటు కనబడతాది, కాళ్ల కాడ బల్ల కనబడదా? కుర్సీ కోసం నాటకం!" అనేవారు తోటివాళ్లు. మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ అంతా అతనికి దొంగ గుడ్డోడన్న పేరే మిగిలింది. క్రిస్మస్ పాటలకు ఇల్లిల్లూ తిరిగే గుంపులోకి కూడా వెళ్లడం మానేశాడు.

పోయిన చలికాలం రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసేముందు నా దగ్గరికి ఒక కాగితం పట్టుకొచ్చాడు. కంటి డాక్టరు చేయించిన జన్యు పరీక్ష.

"ఒరే లలిత్, నువ్వు పుస్తకాల పురుగువి కదా. ఇందులో నేను అబద్ధమాడినానని ఉందా, నేదా? అది సెప్పు సాలు."

నేను కాలేజీ గుమ్మం తొక్కలేదు. వారం రోజులు దొరికిందల్లా చదివి, ఒక సాయంత్రం అతని దగ్గరికి వెళ్లాను. మసక వెలుగును చూసే కణాల పొరలో రొడాప్సిన్ అనే ప్రోటీన్ ఉంటుందని చెప్పాను. ఆవు కళ్లలోంచి తీసి, స్ఫటికాలు కట్టించి, ఎక్స్‌రేలతో శాస్త్రవేత్తలు దాని రూపం పట్టుకున్నారు. పూసలు గుచ్చినట్టున్న ఒకే దండ, పొరలోంచి ఏడుసార్లు దూరి ఉంటుంది. మధ్యలో వంకర కొక్కెం లాంటి చిన్న అణువు. వెలుగు తగిలితే కొక్కెం సాగుతుంది, దండ కదులుతుంది, కణం లోపల కబుర్లు మోసే జి ప్రోటీన్‌కి కబురందుతుంది.

"ఎలుగు లోపలికి పోతాదా?"

"పోదు మామా. కదలికే పోతాది."

"పాత సిగ్నల్ కేబిన్ లాగ! లీవరు కేబిన్లోనే ఉంటాది, తీగ లాగితే అక్కడెక్కడో రెక్క వాలతాది. మరి నాకేటయింది?"

"మూడొందల నలభై ఎనిమిది పూసల్లో ఒక పూస మారిపోనాది. దండ సరిగ్గా మడతపడదు, ఆ కణాలు మెల్లగా సచ్చిపోతాయి. సిగ్నల్ లాంటి గట్టి ఎలుగు సూసే కణాలు వేరు, అవి నీకు బాగున్నాయి. అందుకే లైటు కనబడినాది, బల్ల కనబడనేదు."

అతను నాలుకతో పళ్ల సందు తడుముకున్నాడు. "నాకు తెలుసు. ఇప్పుడు కాయితానికీ తెలిసినాది."

"ఇది మా నాన్న మొహాన కొడతాను," అని లేచాను.

తీతు మామ నా చొక్కా పట్టుకుని ఆపాడు.

"సెప్పు, కానీ కొట్టి సెప్పకు. పక్కన కూకుని, నాకు సెప్పినట్టే నిదానంగా సెప్పు. కేబిన్ మాట సెప్పు, మీ నాన్నకి అర్థమవుతాది. నేనూ వస్తాను, ముందు సెయ్యియ్యి, బయట మసకేసింది."