మూడు పాఠాల సారు

సారు పోయినారని నాకు చెప్పింది వాళ్లింటికి పాలు పోసే మనిషి. పొద్దున మా వీధి మలుపులో బండి ఆపి, "మీ సారు నిద్దట్లోనే పోయినారంటప్పా" అన్నాడు. ఇంకా పదిండ్లకు పాలు పోయాలని బండి తిప్పుకొని వెళ్లిపోయినాడు. నేను లోపలికొచ్చి ముఖం కడుక్కున్నా. ఏడుపొస్తాదేమోనని కాసేపు చూసినా. రాలేదు. చొక్కా తొడుక్కొని బయల్దేరినా.

ఆయన మీలో ఎవరికీ తెలిసుండరు. చిత్తూరు పక్క గవర్నమెంటు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయినాక తిరుపతికి వచ్చినారు. ఒక మందుల షాపు మిద్దె మీద మా ట్రైనింగ్ సెంటరు. వియత్నాం, థాయిలాండ్, కంబోడియా లాంటి దేశాల్లో పిల్లోళ్లకు ఇంగ్లీషు నేర్పే ఉద్యోగాలకు పోవాలనుకునేవాళ్లకు రెండు నెలలు శిక్షణ ఇచ్చి పంపుతాం. పోయినాక ఆర్నెల్లు ఫోన్లో తోడుంటాం. పాఠం చెప్పేది నేర్పడం సారు పని. కాయితాలు, వీసాలు, ఆ దేశాల బళ్లతో ఉత్తరాలు నా పని.

తిరుపతోళ్లు వియత్నాం పోయి ఇంగ్లీషు నేర్పడమేందప్పా అని నన్ను శానామంది ఎగతాళి చేసినారు. నేనూ మొదట్లో సారును అదే అడిగినా. "మనం గూడా కిందామీదా పడే కదబ్బా నేర్చుకునింది. యాడ కాలు జారతాదో మనకు తెలిసినట్టు, పుట్టినప్పట్నుంచీ ఇంగ్లీషు మాట్లాడేవాడికి తెలుస్తాదా?" అన్నారు.

ఆయన పద్ధతి ఒకటుండేది. దాన్ని నేను వేరే యాడా చూడలేదు. శిక్షణలో ఉన్నవాళ్లను తిరుచానూరు తీసకపోయేవారు. ఆడ ఒక లాడ్జి మేనేజరు ఆయన పాత శిష్యుడు. దర్శనం చేసుకొనొచ్చి అలిసిపోయి గదుల్లో పడుకున్న యాత్రికుల పిల్లోళ్లు, మరాఠీవాళ్లు, ఒరియావాళ్లు, గుజరాతీవాళ్లు, వసారాలో ఊరికే గంతులేస్తా ఉంటారు కదా. వాళ్ల అమ్మానాయన్లను అడిగి, ఆ పిల్లోళ్లను కూర్చోబెట్టి, "ఇప్పుడు నేర్పు" అనేవారు. తెలుగు వాళ్లకు రాదు. వాళ్ల భాష మనకు రాదు. హిందీ మాట్లాడితే సారు ఒప్పుకోరు. అరగంట పాఠం. అట్లాంటివి మూడు చెప్పినాకే, దేశం పంపే ఫారం మీద ఆయన సంతకం. మూడుకు తగ్గితే లేదు.

యూనివర్సిటీలో ఎమ్మే చేసిన పిల్లోడొకడు ఏడేండ్ల నాగపూర్ బుడ్డోడి ముందర చెమటలు కక్కడం నా కండ్లారా చూసినా. వీడు గ్రామర్ చెప్తా ఉంటే వాడు బిస్కట్లు తిని సుబ్బరంగా నిద్రపోయినాడు. సారు వెనకాల కుర్చీలో కండ్లు మూసుకొని ఉండేవారు. ఆయనా నిద్రపోతా ఉన్నారనుకునేవాళ్లు అందరూ. పాఠం అయినాక ఒకటే ప్రశ్న అడిగేవారు. "నీ గొంతు ఎంతసేపు వినపడింది నాయనా, పిల్లోళ్ల గొంతు ఎంతసేపు వినపడింది?"

నాకది చాదస్తంగా ఉండేది. నిజం చెప్తా ఉండా. ఎండలో బస్సెక్కి తిరుచానూరు పోవడం, ఎవరి పిల్లోళ్లనో బతిమాలుకోవడం, మనకెందుకొచ్చిన తంటా అనుకునేవాణ్ణి. ఆయనకు కోపమొస్తే అరవరు. చేతి గడియారం విప్పి టేబుల్ మీద పెడతారు. అంతే. అది విప్పితే ఆఫీసులో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

ఆరేండ్ల కిందట పాకాల నుంచి ఒకమ్మాయి వచ్చింది. తెలివైన పిల్ల. ఇంగ్లీషు గలగలా మాట్లాడేది. వాళ్ల నాయనకు ఆమెను పంపేది సుతరామూ ఇష్టం లేదు. ఆర్నెల్లు ఇంట్లో కొట్లాడి ఒప్పించుకునింది. "పోతే పో. మధ్యలో తిరిగొస్తివా, ఇంక ఉద్యోగం మాట ఎత్తద్దు" అన్నాడంట ఆయన. ఆ మాట ఆమె నవ్వుతానే చెప్పింది గానీ, చెప్పేటప్పుడు దుప్పటా కొసను వేలికి చుట్టుకుంటా ఉండింది.

ఆమె ఒక్క పాఠం చెప్పింది. అంతలో అమ్మవారి బ్రహ్మోత్సవాలొచ్చినాయి. లాడ్జీల్లో కాలు పెట్టే సందు లేదు. సారేమో కంటి ఆపరేషనుకని చిత్తూరులో వాళ్ల తమ్ముడింట్లో ఉన్నారు. వియత్నాం బడి నుంచి నాకు రోజూ ఉత్తరాలు, వెంటనే పంపుతారా, ఇంకొకరిని చూసుకోమంటారా అని. నేను ఫారంలో మూడు పాఠాలు అయినాయని రాసినా. అమ్మాయి అడిగింది, ఇంకా రెండుండాయి కదా సార్ అని. "నీకు ఒకటి చాలన్నారులే సారు" అన్నా. కంటికి పచ్చగుడ్డ కట్టుకొని ఉన్న మనిషి దగ్గరికి ఫారం తీసకపోయి సంతకం పెట్టించుకొచ్చినా. ఆయన చదవను గూడా లేదు. నేను రాసినాను కదా అని పెట్టేసినారు.

వియత్నాం పోయిన పదైదు రోజులకు ఆమె సారుకు వీడియో కాల్ చేసింది. ఒకటే ఏడుపు. తరగతిలో పిల్లోళ్లు నోరు తెరవడం లేదు. ఆమె మాట్లాడతా ఉంటే రాతి బొమ్మల్లా చూస్తా ఉండారు. మూడు వారాల్లో దారికి రాకుంటే వెనక్కి పంపిస్తామని బడివాళ్లు చెప్పేసినారు. నేను సారు పక్కనే కుర్చీలో ఉన్నా.

"తిరుచానూర్లో మూడు పాఠాలు చెప్పినావు కదమ్మా, అప్పుడు పిల్లోళ్లు ఎట్ల మాట్లాడిరి?" అని అడిగినారు సారు.

"యాడ సార్? మీరే కదా ఒకటి చాలన్నారంట!" అనింది.

సారు నా పక్క చూసినారు. తర్వాత గడియారం విప్పి టేబుల్ మీద పెట్టినారు. ఆయన మళ్లీ ఫోన్ పక్కకు తిరిగి, "అవునమ్మా, నేనే అన్నా. తప్పు నాదే. నువ్వేం బెంగ పెట్టుకోవద్దు, రేప్పొద్దున ఐదుకు నాకు ఫోన్ చెయ్యి" అన్నారు. బడివాళ్లకు గూడా అదే రాయించినారు. శిక్షణలో లోపం నాది, ఆ అమ్మాయిది కాదు అని. ఆ ఉత్తరం టైపు కొట్టింది నేనే.

నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వూ రా అబ్బా, ఐదుకు. నువ్వు గూడా పిల్లోడివే" అన్నారు.

మూడు వారాలు. మన ఐదంటే ఆమెకు ఆరున్నర, బడికి పోయే ముందర. సారు వాళ్ల హాల్లో చాప మీద మేం ముగ్గురం, సారు, నేను, కాఫీ ఇచ్చేదానికొచ్చి ఇరుక్కుపోయిన వాళ్లావిడ. ఫోన్ను చెంబుకు ఆనించి పెట్టేవాళ్లం. ఆ అమ్మాయి ఆ రోజు పాఠం మాకు చెప్పాల. మేం ఇంగ్లీషు ముక్క రాని ఎనిమిదేండ్ల పిల్లోళ్లం. అరవై ఏడేండ్ల మనిషి మూతి ముడుచుకొని, పక్కకు తిరిగి, నాకు రాదు పో అన్నట్టు కూర్చునేవారు. వాళ్లావిడ నిజంగానే ఇంగ్లీషు రాని మనిషి. ఆమె నోట్లో నుంచి ఒక వాక్యం వస్తే ఆ రోజు పాఠం పాసయినట్టు. "నువ్వు అడిగినాక ఆగమ్మా, ఆగు. వాళ్లు మనసులో వెతుక్కుంటా ఉంటారు. నువ్వు తొందరపడితే వెతికేది మానుకుంటారు" అని రోజూ చెప్పేవారు. పన్నెండో రోజు ఆవిడ, "ఐ వాంట్ రెడ్ బ్యాంగిల్స్" అనేసి, కొంగుతో మూతి కప్పుకొని నవ్వింది. ఫోన్లో ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది.

ఆమె నిలబడింది. ఇప్పుడు అదే బడిలో చిన్నపిల్లల తరగతులకంతా ఆమే పెద్ద. కానీ మా దగ్గర్నుంచి పోయిన కొత్తవాళ్లతో చెప్పేదంట, సారు మంచోడే గానీ పట్టింపు లేని మనిషి, ఒక్క పాఠానికే నన్ను సముద్రం దాటించినాడు అని. ఆ మాట నా చెవిన పడతానే ఉండింది. పట్టింపు తప్ప ఇంకేమీ లేని మనిషిని! నేను మాత్రం నోరు తెరవలేదు. ఈ రోజు చెప్దాం, రేపు చెప్దాం అని ఆరేండ్లు గడిపేసినా. సారు అప్పుడప్పుడూ, "పాకాల పిల్ల ఎట్లుండాదబ్బా?" అని అడిగేవారు. బాగుండాది సార్ అనేవాణ్ణి. "అట్లనా, మంచిది" అని ఆయన పని ఆయన చూసుకునేవారు.

సారు పోయిన సంగతి నేనే అందరికీ మెసేజి పెట్టినా. యాడెక్కడి నుంచో జవాబులొచ్చినాయి, పేజీలు పేజీలు రాసినోళ్లుండారు. ఆ అమ్మాయి మాత్రం రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరకుండిపోయింది. దాన్ని చూస్తే నాకు తల కొట్టేసినట్టయింది. మూడో రోజు మధ్యాన్నం ఫోన్ చేసినా. సుత్తి లేకుండా చెప్పేసినా. ఒకటి చాలని ఆయన అనలేదమ్మా, ఆయనకు తెలియనే తెలియదు, రాసింది నేను, నీకు అబద్ధం చెప్పింది నేను, నా పరువు కాపాడేదానికి ఆయన ఆ మాట నెత్తినేసుకున్నారు అని.

తిడతాదనుకున్నా. తిట్టుంటే బాగుండు.

"మూడు వారాలు అయిపోయిన రోజు సారు నన్ను క్షమించమని అడిగినారు" అనింది. "అంత వయసు మనిషి. నేను 'సరేలెండి' అని పెట్టేసినా. మళ్లీ ఎప్పుడూ ఆయనకు ఫోన్ చెయ్యలేదు."

ఆమె వెనకాల గంట మోగింది. పిల్లోళ్లు పరిగెత్తే చప్పుడు, ఎవరో ఆమెను టీచర్, టీచర్ అని పిలుస్తా ఉండారు. ఆమె ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేకపోయినా. పిలుస్తా ఉన్న గొంతు దగ్గరికొచ్చింది, ఆమె చెయ్యి పట్టుకొని లాగినట్టుండాది, ఫోన్ యాడనో తగిలిన చప్పుడైంది.